బిడబుల్ అన్నందుకు ఒక పుంజు

మొన్న నంద్యాల నుంచి వచ్చిన మా చెల్లెలి మనవరాలు ఫోనులో ఇంగ్లీషు మాటల ఆట ఆడుకుంటూ, "అవ్వా, బిడబుల్ అంటే ఏందీ? ఈ మాట ఎవరన్నా వాడతారా?" అని అడిగింది. చేటలో కొర్రలు చెరుగుతున్న నా చేతులు ఆగిపోయాయి. "వాడేవాళ్లు పాపా. చెప్పింది చెప్పినట్టు వినేవాళ్లను అట్లంటారు," అన్నాను. "అయితే మంచిదే గదా," అని అది మళ్లీ ఆటలో పడిపోయింది. మంచిదేనని మా నాయన కూడా అనుకున్నాడు.

డెబ్బైలలో మేము ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. నాయన అక్కడి చర్చిలో ఉపదేశి. పాస్టరుగారు రాని ఆదివారాల్లో ప్రసంగం ఆయనదే. అమ్మకు ఉబ్బసం. పొయ్యి దగ్గర కూర్చుంటే దగ్గు ఆగేది కాదు. అందుకని పెద్దదాన్నైన నేను ఇంట్లో ఉండిపోయాను, చెల్లెలు బడికి పోయింది. అయినా నాయన నన్ను వదిలిపెట్టలేదు. సాయంత్రం పూట, రొట్టెలు తడుతున్న నా పక్కన పీట వేసుకుని పాత ఇంగ్లీషు బైబిలు చదివించేవాడు. నా చేతులకు జొన్నపిండి ఉంటుంది కాబట్టి పేజీ తిప్పడం ఆయన వంతు. మధ్యలో రొట్టె మాడితే, మాడిన ముక్క తన కంచంలో వేయమనేవాడు. అలా చదివే ప్రైవేటుగా కట్టి టెన్త్ పాసయ్యాను. అంత ఓపిక గల తండ్రినిచ్చినందుకు దేవునికి ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను.

నంద్యాలలో మిషనువాళ్ల టీచరు ట్రైనింగుకు మా సంఘం నుంచి ఏటా ఒక పిల్లను తీసుకునేవారు. ఎవరన్నది తేల్చేది కోత పండుగనాడు జీపులో వచ్చే ఇంగ్లీషు దొరసానమ్మ. ఆ ఏడు ఆమె ముందు నిలబడింది మేమిద్దరమే. చెల్లెలు బడిలో టెన్త్ ముగించి, ఇక ఏం చేయాలా అని చూస్తోంది. నాకు మాత్రం ఆ సీటు తప్ప వేరే ఆశ లేదు. ఆమె చర్చి వసారాలో కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ, ఇద్దరిచేతా ఒక కీర్తన చదివించింది. నేను తడుముకోలేదు, చెల్లెలు తడుముకుంది. తర్వాత తనకు వచ్చిన పుస్తకాల తెలుగులో, "హాస్టలునందు వంటపని యుండును. చేయుదురా?" అంది. "చేస్తానమ్మగారూ," అన్నాను నేను. చెల్లెలు ఊరుకుంటుందా! "చదువుకోను పిలుస్తాండారా, వంట చేయను పిలుస్తాండారా?" అంది. దొరసానమ్మ పెద్దగా నవ్వి, నా వైపు చూపిస్తూ, "బిడబుల్ గర్ల్" అని పాస్టరుగారితో ఇంగ్లీషులో అంది.

గుమ్మం దగ్గర వింటున్న నాయనకు ఆ మాట తెలియదు. బైబిల్లో ఎక్కడా తగల్లేదు. కానీ దొరసాని నవ్వు మొహంతో అంది కదా, సీటు నాదేనని ఖాయం చేసుకున్నాడు. కోత పండుగకు మావాళ్లు గుమ్మడికాయో, జొన్న కంకులో, కోడో తెచ్చి, ఏ మేలు జరిగినందుకు ఇస్తున్నారో అందరి ముందూ చెప్పి అర్పిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. నాయన ఇంటికి పరుగెత్తి, అమ్మ ముద్దుగా సాకుతున్న తెల్ల పుంజును చంకన పెట్టుకొచ్చాడు. "మా పెద్దపాపను దొరసానమ్మ బిడబుల్ అన్నందుకు దేవునికి స్తోత్రం!" అన్నాడు. సంఘమంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను.

వేలం మొదలు కాకముందే దొరసానమ్మ నాయనను పిలిచింది. "చిన్నది రావలెను. ఎదురు ప్రశ్న వేయునది తరగతిని నడుపగలదు. పెద్దది ఎక్కడనున్నను సంతోషముగా నుండును. తల్లికి అది అవసరము." నాయన, "అమ్మా, అదే బాగా చదివె గదమ్మా," అన్నాడు. ఆమె అప్పటికే కప్పు కింద పెట్టి లేచింది. అర్పించిన పుంజును వెనక్కి అడగలేం. మా మేనమామ దాన్ని పాడుకుని, కాళ్లు పట్టి పైకెత్తి, "ఏం బావా, ఇది గూడా బిడబుల్లేనా? కుయ్యిమనకుండా వస్తాండాదే!" అన్నాడు. అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వబోయాడు గానీ, నన్ను చూసి ఆగిపోయాడు.

ఎనభైలలో, టీచరమ్మ అయిన చెల్లెలు నాకోసం పెద్ద ఇంగ్లీషు నిఘంటువు ఒకటి తెచ్చింది. ఆజ్ఞాపించడమనే అర్థమున్న 'బిడ్' అనే పాత మాట నుంచి స్కాట్లాండు వైపు పుట్టిందట బిడబుల్. పిల్లలనూ నౌకర్లనూ అనేవారట, గుర్రాలనూ కుక్కలనూ కూడా. ఇప్పుడు వాడకం తగ్గిందట. నాయన వేలు పెట్టి అంతా చదివి, పుస్తకం మూశాడు. "అందరి ముందర సాక్ష్యం చెప్పినా గదా పాపా," అన్నాడు. ఆ తర్వాత కోత పండుగలకు కోడిని ఇచ్చేవాడు గానీ, ఎందుకిస్తున్నదీ చెప్పేవాడు కాదు.

అమ్మ పోయేదాకా నా చేతుల్లోనే ఉంది, అందుకు కృతజ్ఞురాలిని. చెల్లెలు నన్నెన్నడూ తక్కువగా చూడలేదు, అందుకూ కృతజ్ఞురాలినే. నా సంతోషం ఎక్కడుందో నన్నడగకుండా చెప్పేసిన దొరసానమ్మను క్షమించాలని మాత్రం ఎన్నిసార్లు మోకరించినా, ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఆనాటి ఆమె వయసును నేనెప్పుడో దాటేశాను. నన్ను తేల్చేయడానికి ఆమెకు టీ తాగినంత సేపు చాలింది. నా మిగతా ఏళ్లన్నీ ఆ కాసేపట్లోనే అయిపోయాయి.