దించుకునే బండ

కోటమ్మను సాగనంపి ఇప్పుడే ఇల్లు చేరినాను. కూడు సయించడంల్యా.

ఉదయగిరి కింద కరువు పనికి చెరువు కట్ట పోస్తున్నాం. మన్ను గంప నెత్తిన పెట్టుకుని గుంటలోంచి కట్ట మీదికి ఎక్కాల. వరసలో నా ముందు నడిచేది కోటమ్మ. అంబలితో బతికే వొళ్లు, ఎంతని మోస్తాది?

పొద్దున మేస్త్రీని అడిగింది. "అయ్యా, దారి మధ్యలో రొమ్మెత్తు బండ ఒకటి నిలబెట్టించయ్యా. వంగకుండా గంప దించుకుని, కాస్త ఊపిరి తీసుకుని, మళ్లా మేమే ఎత్తుకుంటాం."

"దించే చోటు చూపిస్తే ఇంక ఎత్తుతారా మీరు? నడువు నడువు," అన్నాడు మేస్త్రీ.

మాకు కరువొచ్చింది గింజలకు గానీ బండలకు కాదు. కొండ నిండా అవే.

ఎండ ఎక్కేసరికి కోటమ్మ గంపతోనే కూలబడింది. మన్ను పక్కకు తోసి లేపబోతే ప్రాణం లేదు.

సాయంత్రం పాడె ఎత్తినాం. మేస్త్రీ కూడా వచ్చినాడు, కాదనను. శ్మశానం సగం దారిలో పాడె దించి, ప్రాణం ఏమన్నా మిగిలుండాదేమోనని చెవిలో పేరుపెట్టి పిలుస్తాం కదా. ఆ చోటు రాగానే మేస్త్రీనే అన్నాడు, "దించండిరా ఇక్కడ."

కోటమ్మ మొగుడు వెంకడు ఆమె చెవి దగ్గర వంగినాడు.

"కోటమ్మా, మేస్త్రీ దించమన్నాడే. అలుపు తీరింటే లెయ్యే."

మేస్త్రీ మొహం పక్కకు తిప్పుకున్నాడు. రేపు బండ నిలబెట్టిస్తాడంట.

ఆత్మకూరు పక్క పనుల్లో ఉండేవాళ్లు చెప్పండయ్యా, మీకాడన్నా బతికుండగా దించుకోనిస్తారా?