రబ్బానీ సార్ రెండో భోజనం

పత్తికొండలో ఎవరైనా ముద్ద నోటిదాకా తెస్తే చాలు, రిటైరైన సైన్సు మాస్టారు రబ్బానీ సార్ కణాల పాఠం ఎత్తుకుంటాడు. పెళ్ళి విందులో ఆయన పక్కన కూర్చున్నవాడు బిర్యానీ ముందు పెట్టుకుని ఉపవాసం ఉన్నట్టే.

"ఒంట్లో ఒక్కో కణం ఒక్కో ఇల్లప్పా. అరిగిన సామాను మూటగట్టి, కరిగించి, మళ్ళా కొత్త సామాను చేసుకుంటాది. ఆ పని మందగిస్తే చెత్త పేరుకుంటాది. నరాల్లో పేరుకుంటే చేతులు వణికే జబ్బు కూడా రావచ్చంటాండారు. కడుపు కొంచెం కాలితేనే కణం చీపురు పట్టేది!"

"పట్టనీలే సార్, ముందు ఆ షేర్వా గిన్నె ఇట్ల జరుపు," అనేవాడు టమోటా మండీ కంబన్న.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం రెండు వీధుల అవతలున్న చెల్లెలు జమీలాబీ గడపలో నిలబడి, "ఆకలిమ్మా!" అన్నాడు.

జమీలాబీ భర్త ఉమర్ పోయి ఎనిమిది నెలలు. మూడుపూటలా వెలిగే పొయ్యి ఇప్పుడు టీకి మాత్రమే వెలుగుతోంది. చిక్కిపోయి ఆమె రవికెలు భుజాల మీంచి జారుతున్నాయి.

"వదిన వండలేదా అన్నా?"

"నా పాఠం నాకే అప్పజెప్పి పొయ్యి ఆర్పేసింది."

ఆమె జొన్నరొట్టెలు తట్టి, వంకాయకూర చేసి, వడ్డించడానికి నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచింది. సార్ చేతులు కట్టుకున్నాడు.

"దస్తర్‌ఖాన్ మీద ఒక్కడే కూచోని తింటారా యాడన్నా? నువ్వూ కూచో."

తప్పక సగం రొట్టె నమిలింది. ఆ రోజు నుంచి రోజూ అదే తంతు.

నెల తిరిగేసరికి వదిన షాహనా నాలుగు చొక్కాలు పట్టుకొచ్చింది.

"గుండీలు జరిపి కుట్టు జమీలా. మీ అన్న పొట్టకు పట్టడంల్యా."

"నువ్వు అన్నమే పెట్టవంటాడే!"

"ఎవురికి? పన్నెండింటికల్లా రెండు ముద్దల సంగటి మింగి బయలుదేరతాడు. యాడికి పోతాండాడో అల్లాకే ఎరుక!"

మర్నాడు జమీలాబీ నిలదీసింది. "ఊరందరినీ కడుపు కాల్చుకోమంటావు. నీకు మాత్రం రెండు భోజనాలా?"

సార్ రొట్టె మీంచి తల ఎత్తలేదు. "ఆ మాట కడుపు నిండినోళ్ళకమ్మా. నీ కణాల్లో చెత్త ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు గోడలు పీక్కుతింటాండాయి."

జమీలాబీ పకపకా నవ్వింది. "రేపట్నించి రావద్దులే అన్నా. పొట్ట పగులుతాది."

"మరి నువ్వు తింటావా?"

ఆమె ఖాళీ గిన్నెలు ఎత్తసాగింది. సార్ గోడ పట్టుకుని లేచి, వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళాడు.

జమీలాబీ గిన్నెలు తోముదామని పెరట్లోకి చేరవేసింది. పెనం మీద ఒక రొట్టె మిగిలి ఉంది. ఎవరూ తినమనకుండానే ఆమెకు ఇంకా ఆకలిగా ఉంది. గిన్నెలను ఎండకు వదిలేసి, లోపలికొచ్చి కూర్చుని, ఆ రొట్టె తుంచింది.