పిడికెడు బియ్యం, చెంబెడు నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వరి బియ్యం పండగ నాడే కనబడేవి. మిగతా రోజులన్నీ జొన్నరొట్టె, సంగటి. పచ్చి బియ్యం నాలుగు గింజలు దొరికినా నాకు మిఠాయితో సమానం. ఆ తిండి యావ ఒకసారి నన్ను కాపాడింది. కాపాడకుండా ఉంటేనే బాగుండేదని ఆ పూటే తెలిసొచ్చింది.

మా చిన్నాయన బర్మా యుద్ధంలో సిపాయిగా పోరాడి, భుజం మీద కాలిన మచ్చతో తిరిగొచ్చినవాడు. తర్వాత పోలీసుల్లో చేరి కర్నూలులో దొంగతనాల ఆరా తీసే పనిలో ఉండేవాడు. నందికొట్కూరు దగ్గరి మా పల్లెకు ఎప్పుడో గానీ వచ్చేవాడు కాదు. వచ్చినా గద్దించడాలు, మీసం మెలేయడాలు ఉండవు. అరుగు మీద కూర్చుని పలుపుతాడు పేనుతూ అందరి మాటలూ వినేవాడు.

ఆ ఏడు చిన్నాయన ఊళ్లో ఉండగానే తొలకరి పడి, చేలో ఎర్రటి ఆరుద్ర పురుగులు బయటికొచ్చాయి. మఖమల్ ముక్కల్లాంటి ఆ పురుగుల్ని దాచుకోవడానికి అమ్మ వెండి కుంకుమ భరిణె కన్నా మంచి ఇల్లు నాకు తోచలేదు. కుంకుమను ఓ ఆకులో వంపేసి, భరిణె నిండా పురుగులు నింపి, పశువుల కొట్టం గోడలో రాళ్ల సందున పెట్టాను. తెల్లారి భరిణె కోసం ఇల్లంతా వెతుకుతుంటే, దెబ్బలకు భయపడి నోరు మెదపలేదు.

అనుమానం జొన్నలు విసరడానికి వచ్చే అక్క మీదికి పోయింది. మొగుడు లేని మనిషి, ఇద్దరు పిల్లలు. దొంగ అని ముద్ర పడితే ఊళ్లో ఏ ఇంటి గడపా ఆమెను పిలవదు.

మా తాతయ్య పాతకాలం పద్ధతి తీశాడు. పసుపు కలిపిన బియ్యం తలా పిడికెడు ఇచ్చి నమలమన్నాడు. ఎవరి నోట్లో పిండి పొడిగా ఉంటే వాళ్లే దొంగ. ఇంటిల్లిపాదీ నమిలి మోదుగాకుల్లో ఉమ్మారు. నన్నెవరు అనుమానిస్తారు? నేను హాయిగా నమిలాను, నోరూరిపోయింది. ఆ అక్క ఆకులో మాత్రం పొడి పిండి రాలింది.

"నేను తీయలే సామీ," అంది. ఆ మాట కూడా సరిగా పెగల్లేదు.

చిన్నాయన తాడు పక్కన పెట్టి తాతయ్యను చూశాడు. "నాయనా, బర్మాలో గుండ్లు పడుతాంటే మాకు రొట్టె గొంతు దిగేది కాదు. నోట్లో తడే ఉండేది కాదు. మేమేం దొంగతనం చేసింటిమి?"

చిన్నాయన నా వైపు తిరిగాడు. "పాపా, ఆయమ్మకు నీళ్లు తెచ్చియ్యి. పైనించి పొయ్యాకు. చెంబు చేతికియ్యి."

కూలీలకు దోసిట్లో పోయడమే మా ఇంటి అలవాటు. నేను చెంబు చేతికిచ్చాను. ఆమె ఆత్రంగా ఎత్తి తాగుతుంటే నీళ్లు సగం నా కాళ్ల మీదే పడ్డాయి. పగిలిన ఆ పెదాలను అంత దగ్గరగా చూశాక ఇక ఆగలేకపోయాను. "నేనే తీసినా! కొట్టం గోడలో ఉండాది," అని బావురుమన్నాను.

అమ్మ చెయ్యెత్తింది, చిన్నాయన అడ్డుకున్నాడు. తాతయ్య ఆ ఆకులన్నీ తనే ఎత్తి పారేసి, ఆ అక్క ముందు నిలబడి, "తప్పు నాదమ్మా" అన్నాడు. తాతయ్య అంత చిన్నగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

సాయంత్రం చిన్నాయన చెప్పాడు, భరిణె మాట వచ్చినప్పుడల్లా అందరూ అది ఉండే గోడ గూటి వైపు చూస్తుంటే నేనొక్కదాన్నే కొట్టం వైపు చూశానట. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నేను పట్టుకునింటే దొంగవైపోదువు. నువ్వే చెప్తివి గదా," అని మళ్లీ తాడు పేనుకున్నాడు.

తర్వాతి వానకు ఆ అక్క ఆకు దొప్పలో నాకు ఆరుద్ర పురుగులు తెచ్చిపెట్టింది. దాన్ని అందుకోవడం దెబ్బలు తినడం కన్నా కష్టమైంది.

పెద్దయ్యాక ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను. పెన్ను పోయిందనో, పుస్తకం పోయిందనో ఎవరో ఒక పిల్లను నా ముందుకు లాక్కొచ్చేవారు, "మొహం చూడండి టీచర్, ఎట్లా పాలిపోయిందో" అంటూ. నా బల్ల మీద ఎప్పుడూ నీళ్ల చెంబు ఉండేది. ముందు అది ఆ పిల్ల చేతికిచ్చి, తాగడం అయ్యేదాకా ఆగేదాన్ని. ఆ కాసేపూ ఆ పిల్లను కాక, చుట్టూ హాయిగా నవ్వుతున్న వాళ్లను చూసేదాన్ని. నాకు తెలుసు, ఒకప్పుడు అలాంటి వాళ్ల మధ్యే నిలబడి నేను బియ్యం నమిలాను.