ఉప్పు చూడని పచ్చడి

మా అమ్మమ్మ సోములమ్మకి ఇద్దరంటే ప్రాణం. ఒకరు ఇంటి మేక, రెండోవారు పెద్ద మనవరాలు, మా అక్క సోని. వరసలో మేకే ముందు.

సోని అరకులో డిగ్రీ చదువుతోంది. నాన్నకి కాఫీ తోట మీద డబ్బులు చలికాలంలో వస్తాయి, పరీక్ష ఫీజేమో ఎండాకాలంలో కట్టాలి. మేకని అమ్మేద్దామని నాన్న ఒకసారి నోరు జారితే ముసలామె ఆ పూట జావ కూడా ముట్టలేదు. ఇక లాభం లేదని సోని శని, ఆదివారాలు బొర్రా గుహల దారిలో బొంగు చికెన్ అమ్మే అప్పారావు దగ్గర పనికి కుదిరింది.

అప్పారావు విజయనగరం వైపు మనిషి. వెదురు బొంగుల్లో కోడిమాంసం కూరడం, నిప్పుల మీద తిప్పడం ఇంకెవరికీ ఇవ్వడు. పక్కన నంజుకునే మామిడికాయ పచ్చడి మాత్రం సోనికి అప్పగించాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. మా ఊళ్లో మామిడి కొత్త పండగ ఇంకా అవలేదు. ఊరి దేవతకి పెట్టి, ఊరంతా కలిసి తినేదాకా ఆ ఏటి మామిడికాయని ఎవరూ నోట పెట్టరు. కాయలు అప్పారావు కొండ కింద ఊళ్ల నుంచి తెప్పించినవే అయినా మామిడి మామిడే. తరగొచ్చు, రుబ్బొచ్చు, వడ్డించొచ్చు. ఉప్పు చూడటానికి మాత్రం వీల్లేదు.

కాలేజీలో చదివే పిల్ల ఈ మాట పైకి చెబితే నవ్వుతారని సోని నోరు మూసుకుంది. మొదటి శనివారం పచ్చడిలో ఉప్పే లేదు. ఆదివారం ఆ లోటు తీర్చబోయి సముద్రమంత వేసింది. విశాఖపట్నం నుంచి వచ్చిన ఒకాయన ఒక్క ముద్ద తిని నీళ్ల సీసా మొత్తం ఖాళీ చేశాడు.

"ఏటే గుంటా, నాలిక ఇంటికాడ ఒగ్గేసి వత్తన్నావా?" అన్నాడు అప్పారావు. తను రుచి చూద్దామంటే ఆయనకి బీపీ, డాక్టరు ఉప్పు వద్దన్నాడు. ఇంకొక్క పళ్లెం వెనక్కొస్తే మరి పనిలోకి రానక్కర్లేదని తేల్చి చెప్పాడు.

తర్వాతి శనివారం సోని రోటి ముందు కూర్చుని వేలికంటిన పచ్చడి వంక చాలాసేపు చూసింది. నాకితే చూసేవాళ్లెవరూ లేరు. కానీ ఊరంతా ఆగిన దానికి తనొక్కతే ముందు తినేయడం ఎలాగో అనిపించింది. ఇటు చూస్తే ఫీజు, దాని వెనకే మేక మొహం. వేలు కడిగేసుకుంది. గరిటెతో పచ్చడి తీసుకుని, బల్ల దగ్గర పిల్లాపాపలతో కూర్చున్న ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, మా ఊళ్లో మామిడి కొత్త ఇంకా అవనేదండి. అందాకా నేను తినకూడదు. కొంచెం ఉప్పు సూసి పెడతారా?"

ఆవిడ అరచేతిలో వేయించుకుని నాకింది. కళ్లు మూసుకుని ఆలోచించి, ఇంకో చిటికెడు పడాలంది. అంతటితో ఊరుకోక తనే వచ్చి రోటి ముందు బైఠాయించింది. పిల్లలు మాకూ మాకూ అని చేతులు చాచారు. పక్క బల్లవాళ్లు మిరపకాయ చాల్లేదన్నారు. బొంగులు కాలేలోపే సగం పచ్చడి రుచుల కిందే పోయింది. అప్పారావు మొదట గుడ్లురిమాడు గానీ, ఒక్క పళ్లెం కూడా వెనక్కి రాకపోయేసరికి మెత్తబడ్డాడు. మర్నాటికల్లా ఉప్పు చూసేవాళ్లు రండని రోడ్డు మీదికి తనే కేకలేస్తున్నాడు.

ఈలోగా ఊళ్లో కొత్త పండగ అయింది. ఆ వారం సోని రోటి ముందు కూర్చుని, మొదటిసారిగా తన పచ్చడి తనే నాకి చూసింది. పులుపుకి ఒక కన్ను మూసుకుపోయింది. అప్పారావు మొహం వాడిపోయింది.

"ఇంకో రెండు వారాలు కొత్త అవనేదని సెప్పీ," అని బతిమాలాడు.

"ఊరంతా తిన్నాక అవనేదని ఎట్టా సెప్తాను బాబాయ్? గరిటె మాత్రం తినడానికొచ్చినోళ్ల సేతికే ఇత్తాను. నేను సూసినాను, మీరూ సూడండంతాను."

అలాగే అంది. జనం అలాగే చేతులు చాచారు. ఫీజు గడువులోగా కట్టేసింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం సోని సంచిలో మామిడి తొక్కలు ఇంటికొస్తున్నాయి. సోములమ్మ వాటిని మేక ముందు పోసి, "తినే, నీ కోసరమే సదూతంది," అంటుంది. మేక తలెత్తకుండా నములుతుంది.