నువ్వుచేను దాటేదాకా

బిట్రగుంట రైలు గేటు పడి బస్సాగింది. కిటికీ పక్కనే నువ్వుచేను, మంచి పూత మీదుంది. నా పక్కన పెద్దాయన ఒళ్లో ప్లాస్టిక్ కవరు. అందులో వెర్రి తెగులు పట్టిన నువ్వుమొక్క, పూలుండాల్సిన చోటంతా ఆకుల కుచ్చులే. వ్యవసాయాఫీసులో చూపించడానికి తీసుకుపోతున్నాడు.

కవరు చిరిగిందని అప్పుడే చూశాడు. చిరుగును గుప్పిట్లో నొక్కిపట్టాడు. లోపల పచ్చదోమ ఎగురుతోంది.

"కిటికీ ముయ్యమ్మా."

ఉక్కపోతకి వెనకవాళ్లు గొణిగారు. మూశాను.

"ఈ తెగులు వైరసా?" అన్నాను.

"కాదంట. ఫైటోప్లాస్మా, ఒంటిచుట్టూ గోడలేని బ్యాక్టీరియా అంట. ఈ దోమ రసం పీలిస్తే దాంతోపాటే ఇంకో మొక్కకి పోతాది."

గేటు లేచినా పిడికిలి వదల్లేదు. చేను దాటాక అడిగాను, "ఆ చేను మీవాళ్లదా?"

"ఎవరిదో తెలీదమ్మా," అన్నాడు, తిమ్మిరెక్కిన వేళ్లు విదిలించుకుంటూ.