రిలీవ్డ్ అనే ఒక్క మాట

2024 జూన్. ఆత్మకూరులో నెల్లూరు రోడ్డు పక్కనున్న ముప్పై పడకల ప్రైవేటు ఆసుపత్రిలో నేను నర్సింగ్ ఇన్‌చార్జిని. ఏ వార్డులో ఎవరికి డ్యూటీ వేయాలో చూడటం నా పని. దాంతోపాటు, మా దగ్గర మానేసిన నర్సులకు రెఫరెన్సు లెటర్లు తయారుచేయడం కూడా నా నెత్తినే పడింది. రెఫరెన్సు అంటే కొత్తగా ఉద్యోగం ఇచ్చేవాళ్లు పాత చోట వాకబు చేయడం. ఈ మనిషి ఎలా చేసింది, ఎందుకు మానేసింది అని అడుగుతారు. నేను టైపు చేస్తాను, డాక్టరుగారు సంతకం పెడతారు.

కెజియాదీ నాదీ ఉదయగిరిలో ఒకే వీధి, ఒకే చర్చి. నెల్లూరులో నర్సింగ్ కలిసి చదివి, ఈ ఆసుపత్రిలో ఒకే వారంలో చేరాం. నరం దొరకని ముసలివాళ్లకు సెలైన్ పెట్టాలంటే అందరికీ కెజియానే కావాలి. నేను ట్రే పట్టుకుని వెళితే, “నువ్వు వద్దులేమ్మా, ఆయమ్మను రమ్మను” అనేవాళ్లు నా మొహం మీదే.

విదేశాలకు వెళ్లే నర్సులు రాసే ఇంగ్లీషు పరీక్ష ఇద్దరం రాశాం. ఆమె పాసైంది. నేను రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ లెటర్ రైటింగులోనే. ఆమె ఇంగ్లండుకు వెళ్లిన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం మా చర్చిలో మైకులో ఆమె పేరున ప్రార్థన. ఒకసారి స్టేటస్‌లో తన వంటగది ఫొటో పెట్టింది. గోడకు ఉదయగిరి కొయ్య చెంచా వేలాడుతోంది. అది మా అమ్మ గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసి, కెజియా వెళ్లేటప్పుడు ఇచ్చిన చెంచా. అది కూడా నాకంటే ముందు ఇంగ్లండు చేరింది. ఆ రోజు అన్నం సహించలేదు నాకు.

అలాంటి కెజియా ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది.

“ఏందిమే, తీరికగా ఉండావా? మా కంపెనీ లైసెన్సు పీకేసినారు మే. ఉద్యోగం పోయినాది.”

ఆమె వీసా ఉద్యోగానికి కట్టేసిన వీసా. స్పాన్సర్ అంటే ఆమెను పిలిపించుకున్న సంస్థ. ఆ సంస్థకు విదేశీయులను పెట్టుకునే అనుమతి రద్దయితే, ఆమెకు ప్రభుత్వం నుంచి ఉత్తరం వస్తుంది. అరవై రోజుల్లో ఇంకో స్పాన్సర్ దొరకాలి, లేదంటే దేశం విడిచి రావాలి.

“ఇంకో చోట ఇంటర్వ్యూ అయినాది. నేను నచ్చినానంట. నీ రెఫరెన్సు కోసమే ఆగి ఉండారు. పాపని ఇప్పుడిప్పుడే బళ్లో ఏసినాం మే” అంది.

నిజం చెబుతున్నాను, ముందు నాకు బాధ కలగలేదు. కడుపులో చల్లగా అయింది. సాయంత్రం టీతో పాటు ఇంకో సమోసా తెప్పించుకుని తిన్నాను. అయినా లెటర్ మాత్రం అదే రోజు పంపాను. అందులో ఏ వంకా పెట్టలేదు. మంచి నర్సు, ప్రవర్తన బాగుంది, ఫలానా తేదీన విధుల నుంచి రిలీవ్డ్ అని, మా పాత నమూనాలో ఉన్నట్టే రాశాను.

నాలుగు రోజులకు అక్కడి మేనేజరు నుంచి మెయిల్ వచ్చింది. ఏ పరిస్థితుల్లో ఆమెను రిలీవ్ చేశారో వివరించగలరా అని. ఇందులో వివరించడానికి ఏముంది అనుకున్నాను. ఫోన్‌లో వెతికితే అర్థమైంది. మన దగ్గర రిలీవింగ్ అంటే రాజీనామా ఆమోదించి మర్యాదగా పంపడం. మానేసిన రోజు కెజియాకు శాలువా కప్పాం, కేకు కోయించాం. వాళ్ల దేశంలో ఆ మాటకు పనిలోంచి తీసేశారని అర్థమట.

జవాబు ఒక్క వాక్యం చాలు. కెజియా తనంతట తాను మానేసింది అని. నేను మెయిల్ మూసేశాను. డెంగీ కేసులతో వార్డు నిండి ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ రోజు వార్డులో సగం మంచాలు ఖాళీ. అలా మూడు రోజులు గడిపాను.

నాలుగో రోజు కెజియా మళ్లీ ఫోన్ చేసింది.

“ఆళ్లు ఇంకా ఏం చెప్పలేదు మే. పందొమ్మిది రోజులే ఉండాయి. నీ చేత్తో పోయిన కాగితం గదా, అందులో తప్పుండదు. ఇంకేందో నా ఖర్మ.”

ఆమె మళ్లీ అంది. “రావాల్సొస్తే డాక్టరుగారు నన్ను మళ్లీ పెట్టుకుంటాడా? నీ కిందనే చేస్తాలే. నాకేం నామోషీ లేదు.”

నా కింద కెజియా! ఒక్క క్షణం ఎంత తియ్యగా అనిపించిందో చెప్పలేను. మరుక్షణం ట్రే గుర్తొచ్చింది. ఇన్‌చార్జి కుర్చీలో నేనుంటాను, పేషెంట్లు మాత్రం ఆయమ్మనే రమ్మంటారు. ఇంగ్లండు రిటర్న్ అని డాక్టరుగారు నెల తిరక్కుండా ఆమెనే ఇన్‌చార్జి చేస్తారు. దూరంగా ఉన్న కెజియాతో ఆదివారాలే నాకు కష్టం. దగ్గరికొస్తే వారమంతా కష్టమే.

“ఫోన్ పెట్టెయ్ మే, పనుండాది” అన్నాను.

మెయిల్ తెరిచాను. ఆ ఇంగ్లీషు పరీక్షలో కూడా అంత శ్రద్ధగా రాయలేదు. మా దేశంలో ఆ మాటకు అర్థం ఇదీ, ఆమెను మేము తీసేయలేదు, వెళ్లొద్దని బతిమాలాం, నరం దొరకని పేషెంట్లు ఇప్పటికీ ఆమెనే అడుగుతారు అని రాశాను. ఆఖరి వాక్యం రాస్తుంటే ఏడుపొచ్చింది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు మరి.

పదకొండు రోజులు మిగిలి ఉండగా ఆమెకు కొత్త స్పాన్సర్ ఖాయమైంది.

“ఏం రాసినావు మే? మేనేజరు నీ లెటర్ నాకు చదివి ఇనిపించింది. నువ్వేంది పరీక్ష తప్పేది!” అంది కెజియా. ఆ మూడు రోజుల సంగతి నేను చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

అప్పటినుంచి మా నమూనాలో రిలీవ్డ్ అన్న మాట తీసేశాను. స్వయంగా రాజీనామా చేశారని రాస్తున్నాను. విదేశాల నుంచి మెయిల్ వస్తే భోజనానికి లేవకముందే జవాబు పంపుతాను, అడిగింది ఎవరి గురించైనా సరే. కెజియా స్టేటస్ చూస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. మొన్న కూడా ఆ కొయ్య చెంచా ఫొటో పెట్టింది, కొత్త ఇంట్లో. కింద థాంక్స్ అని నా పేరు రాసింది.