కరెంటు పోయిన చోటు నుంచి

ఆగిపోయే ముందు ఫ్యాన్ ఒక చప్పుడు చేస్తుంది, నిద్రలోకి జారుకునే ముసలమ్మ మూలుగులాగా. జగదల్‌పూర్‌లో నేను ఫిజిక్సు చెప్పే కాలేజీలో మొన్న మధ్యాహ్నం ఆ చప్పుడే వినబడింది. తెర మీది బొమ్మ మాయమైంది. పిల్లలు “లైట్ గయీ” అని నిట్టూర్చారు. నా పెదవులు మాత్రం వాటంతటవే, చివర చెప్పిన వాక్యాన్ని మళ్లీ పలికాయి. అది రుక్మిణి మేడం నేర్పిన అలవాటు.

నా చదువు రోజుల్లో, తెలుగు సరిహద్దు ఊరు కొంటాలో, వాళ్ల కిరాణా దుకాణం పైగదిలో మేడం మాకు కంప్యూటర్ నేర్పేది. ఆ ఊళ్లో కరెంటు చుట్టపుచూపుగా వచ్చేది. అది పోతే, అంతసేపూ టైపు కొట్టింది బూడిదలో పోసిన పన్నీరే. అయినా మేడం మమ్మల్ని కుర్చీల్లోంచి లేవనిచ్చేది కాదు. ఎవరు ఎక్కడ ఆగారో ఆ వాక్యాన్ని మెల్లగా అనుకుంటూ ఉండాలి. కిటికీలోంచి శబరి నది గాలి వస్తుంటే, మసక వెలుగులో ఒకరు తెలుగులో, ఒకరు హిందీలో, ఒకరు అక్కడి దోర్లీ భాషలో గొణుక్కుంటూ ఉండేవాళ్లం. గది మొత్తం కల కంటున్నట్టుండేది. కరెంటు రాగానే మేడం ట్యూబులైటుకి, సంధ్యదీపానికి పెట్టినట్టే దణ్ణం పెట్టి, ఆగిన చోటు నుంచే కొట్టమనేది.

మనం గుర్తుపెట్టుకునే బదులు మిషనే గుర్తుపెట్టుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను. మేడం నవ్వింది. “అసుంటిది వస్తే ముందు నాకే చూపియ్యాలె బిడ్డా.”

తర్వాత నేను జగదల్‌పూర్‌లో డిగ్రీలో చేరాను. ఏడాది తిరక్కుండానే నాన్నను లారీ గుద్ది కాలు విరిగింది. ఎర్రబోరులో హైవే పక్కన మా చాయ్ హోటల్ నేనే నడపాల్సి వచ్చింది. చదివిందంతా పాలపొంగుతో పాటు పొయ్యిలో పడి ఆరిపోయిందనుకున్నాను. పుస్తకం చూస్తే ఏడుపు వచ్చేది. నాన్న కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక కూడా నేను కదల్లేదు. ఒకరోజు కొంటా బస్సు దిగి మేడం వచ్చింది. చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టింది.

“ఎక్కడ ఆపినవ్?”

అయస్కాంతాల పాఠం దగ్గర అన్నాను, తడుముకోకుండా.

“గుర్తుంది గద. మరి పోయిందేంది? కరెంటే పోయింది. ఆడ్నుంచే మొదలుపెట్టు.”

ఆ జూన్‌లో మళ్లీ కాలేజీకి వెళ్లాను. అయస్కాంతాల దగ్గర మొదలుపెట్టి, తిరిగి తిరిగి ఎలక్ట్రాన్ స్పిన్ దగ్గరకు చేరాను. మామూలు కంప్యూటర్, పని చేసేటప్పుడు తన జ్ఞాపకాన్ని విద్యుదావేశంగా దాచుకుంటుంది. కరెంటు ఆగితే అది కారిపోతుంది. కానీ స్పిన్ వల్ల ప్రతి ఎలక్ట్రానూ ఒక చిట్టి అయస్కాంతం. కొన్ని లోహాల పొరల్లో అవన్నీ ఒకే వైపు తలతిప్పి నిలబడతాయి. పైకి చూస్తే ఒకటి, కిందికి చూస్తే సున్న. తల తిప్పడానికే కరెంటు కావాలి, అలా నిలబడడానికి అక్కర్లేదు. రేపటి కంప్యూటర్లు ఈ గుణం మీద నడిస్తే అంతగా వేడెక్కవు, ఆరిపోయిన చోటే కళ్లు తెరుస్తాయి. దారి ఇంకా చాలా ఉంది. నేనైతే ఆ కలలోనే బతుకుతున్నాను.

ఆ పద్ధతి మీద పనిచేసే చిన్న చిప్పులు మాత్రం ఇప్పటికే దొరుకుతున్నాయి. ఒకదాన్ని తీసుకుని, చిన్న తెరా కీబోర్డూ తగిలించి కొంటా వెళ్లాను. మేడం బాగా చిక్కిపోయింది, కళ్లలో కొంటెతనం మాత్రం అలాగే ఉంది. స్పిన్ అంటే తిరుగుడే గద, లోపల ఏమన్నా తిరుగుతదా అని అడిగింది. పేరు అలా పెట్టారు గానీ బొంగరంలా తిరగదని, దిక్సూచి ముల్లులాగా ఒక వైపు చూస్తూ ఉంటుందని చెప్పాను.

“కరెంటు లేకున్నా చూసుకుంటనే ఉంటదా?”

“ఉంటది మేడం.”

ఒక్క వేలితో ఆమె కొట్టింది: ‘చాయ్ హోటల్ పిల్ల వాపస్ వచ్చింది.’ నేను కరెంటు తీగ పీకాను. తెర నల్లబడింది. అలవాటు కొద్దీ ఇద్దరమూ ఆ వాక్యాన్ని పెదాల మీదే అనుకుంటూ కూర్చున్నాం. మళ్లీ తీగ పెట్టగానే ఒక్క అక్షరం చెదరకుండా వచ్చింది. మేడం చేతులు జోడించింది. దణ్ణం చిప్పుకా, నాకా అని నేను అడగలేదు.

ఆ వానాకాలమే మేడం పోయింది. ఆమె మీద బెంగ నాకు ఇప్పటికీ తీరలేదు.

మొన్న క్లాసులో పిల్లల్ని లేవనివ్వలేదు. ఎవరు ఎక్కడ ఆగారో అనుకుంటూ ఉండమన్నాను. మొదట నవ్వారు, తర్వాత గది నిండా గొణుగుడు. ఆ చిప్పు నా బల్ల సొరుగులో ఉంది. మేడం పోయినప్పటి నుంచీ దానికి కరెంటు ఇవ్వలేదు. ఇవ్వకపోయినా అందులో ఏముందో నాకు తెలుసు.